గుమ్మడికాయ కొట్టాక మొదలయ్యే ఖర్చు: విశాఖలో ఒక చిన్న సినిమా దర్శకుడి పదేళ్లు

సినిమా మొదలైన రోజు కొబ్బరికాయ కొడతాం, షూటింగ్ ముగిసిన రోజు గుమ్మడికాయ కొడతాం. సినిమా అంతా ఈ రెండు కాయల మధ్యే ఉంటుందని కొత్తగా వచ్చేవాళ్లు నమ్ముతారు. నేనూ చాలాకాలం అలాగే నమ్మాను. ఆ నమ్మకం వల్ల ఒక మంచి దర్శకుడి మొదటి సినిమా జనం ముందుకి రాకుండా పోయింది. ఆ లెక్క ఎక్కడ తప్పామో, తర్వాత ఎలా సరిదిద్దుకున్నామో అంకెలతో సహా రాస్తున్నాను. ఇప్పుడు చేతిలో కథ, జేబులో పదో ఇరవయ్యో లక్షలు పెట్టుకుని తిరుగుతున్న కుర్రాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

నేను 2006 నుంచి విశాఖపట్నంలో ప్రొడక్షన్ పని చేస్తున్నాను. హైదరాబాద్ నుంచి పెద్ద సినిమాలవాళ్లు బీచ్ రోడ్డులో పాటకో, యారాడలో ఫైటుకో వచ్చినప్పుడు పోలీసు పర్మిషన్లు, జనరేటర్, జూనియర్ ఆర్టిస్టులు, భోజనాలు చూసే లోకల్ మేనేజర్‌ని. 2014 నుంచి 2024 దాకా ఇక్కడి దర్శకుడు ఒకతనితో మూడు సినిమాలు చేశాను. అతని పేరు, సినిమాల పేర్లు రాయడం లేదు. అంకెలు మాత్రం నా ఖాతా పుస్తకంలోవి, వేలల్లో సర్దినవి. రాసింది అతనికి చదివి వినిపించాను. "మొదటి సినిమా గురించి ఏదీ దాచకు అన్నా" అన్నాడు.

అతనిది గాజువాక. నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి పెళ్లి వీడియోలు తీసేవాడు. 5డీ మార్క్ 2 కెమెరా వచ్చాక విశాఖలో షార్ట్ ఫిల్ముల జోరు పెరిగింది. ఫొటోలు తీసే కెమెరాతోనే వెనక అంతా మసకగా, ముఖం ఒక్కటే తేటగా కనిపించే బొమ్మ వచ్చేసరికి, అంతకుముందు లక్షల అద్దె అడిగే కెమెరాలకి మాత్రమే ఉన్న అందం పెళ్లి ఫొటోగ్రాఫర్ చేతికి అందింది. అతను అలా ఏడు షార్ట్ ఫిల్ములు తీశాడు. అందులో ఒకటి చూసి నేనే ఫోన్ చేశాను. పెదజాలరిపేటలో ఒక ముసలామె వల కుట్టుకుంటూ కొడుకుతో మాట్లాడే సీను. నటిస్తున్నట్టు ఎక్కడా లేదు. ఆ పేటలో తిరిగిన వాడిని కాబట్టి చెబుతున్నాను, ఆ మాట, ఆ విసుగు, ఆ చేతులు అన్నీ నిజం.

మొదటి సినిమా: 18 లక్షలు

నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు 6 లక్షలు, అతను దాచుకున్నవి 4, స్నేహితులు ఇచ్చినవి 5, పాడుకున్న చిట్టీ 3. బడ్జెట్ వేసింది నేనే. కెమెరా, లెన్సులు, లైట్లు, బేటాలు (రోజువారీ బత్తాలు), భోజనాలు, వ్యాన్లు అన్నీ రాశాను. చివర్లో "పోస్ట్ ప్రొడక్షన్" అని ఒక్క లైను రాసి, ఎదురుగా మిగిలిన 2 లక్షల 60 వేలు వేశాను. ఆ అంకెకి ఆధారం ఏమీ లేదు. పైవన్నీ రాసుకుంటూ వచ్చాక మిగిలింది అంతే, అందుకని అంతే వేశాను. ఈ కేసులో మొదటి తప్పు అదే. అది నాది.

2014 సెప్టెంబరులో మొదలుపెట్టాం. అక్టోబరు 12, ఆదివారం హుద్‌హుద్ వచ్చింది. అప్పటికి సినిమా మూడొంతులు అయింది. గాజువాకలో అతని మేడ మీద గదికి రేకుల కప్పు. గాలి పెరిగేసరికి వాళ్లమ్మగారు రెండు హార్డ్ డిస్కుల్నీ పాలిథిన్ కవర్లలో చుట్టి, కింద వంటింట్లో బియ్యం డ్రమ్ములో అడుగుకంటా పెట్టి మూత బిగించారు. సాయంత్రానికి పైకప్పు రేకులు పక్కవీధిలో ఉన్నాయి. సినిమా మాత్రం బియ్యంలో భద్రంగా ఉంది. అప్పటి నుంచి నా షూటింగుల్లో ఏ రోజు ఫుటేజ్ ఆ రోజు రెండు డిస్కుల్లోకి ఎక్కి, రెండు వేర్వేరు ఇళ్లకి వెళ్తుంది.

అసలు దెబ్బ మాకు తర్వాత తెలిసింది. కరెంటు వచ్చి, పెట్రోలు దొరికి, నవంబరులో మిగతా సీన్లకి వెళ్తే ఊరు రంగు మారిపోయింది. కైలాసగిరి పచ్చగా ఉండాల్సింది, నిప్పంటుకున్నట్టు గోధుమరంగులో ఉంది. యూనివర్సిటీ లోపల చెట్లు మొదళ్లతో సహా పడిపోయాయి. సెప్టెంబరులో తీసిన సీనులో అబ్బాయి గుమ్మం దాటి బయటికి వస్తాడు, వెనక కొండ పచ్చగా ఉంటుంది. ఇప్పుడు తీయాల్సింది అతను వీధిలోకి దిగే షాటు, కొండ మాడిపోయి ఉంది. రంగు దిద్దితే సరిపోతుందా అని రెండు రోజులు చూశాం. చెట్లకి ఆకులే లేనప్పుడు దేనికి రంగు వేస్తాం?

ఇక్కడ అతను దర్శకుడని నాకు నిరూపించాడు. మూడు రాత్రులు కూర్చుని కథని తుఫానుకి ముందు, తుఫానుకి తర్వాత అని రెండుగా చీల్చాడు. కథ బలపడింది కూడా. అయితే కొత్త సీన్లకి తొమ్మిది రోజుల షూటింగ్ పెరిగింది. గుమ్మడికాయ కొట్టిన రోజు లెక్క చూస్తే చేతిలో 70 వేలు ఉన్నాయి. మిగతా పనికి ఎంత తక్కువలో చేసినా 9 లక్షలు కావాలి.

ఆ 9 లక్షలు దేనికి అంటారా? ఎడిటింగ్ అతనే చేసుకున్నాడు, దానికి సరే. డబ్బింగ్, సౌండ్ ఎఫెక్ట్స్, రీరికార్డింగ్, మిక్సింగ్, రంగులు సరిచేసే డీఐ, థియేటర్లో వేసే డిజిటల్ కాపీ డీసీపీ, సెన్సార్, పోస్టర్లు, థియేటర్లలో డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీలకి స్క్రీనుకి ఇంత అని కట్టే చార్జీలు. ఒక్కోటీ చిన్నదే. అన్నీ షూటింగ్ అయ్యాకే వస్తాయి, అప్పటికి జేబు ఖాళీ.

మాది షూటింగులో గైడ్ ట్రాక్ మాత్రమే, అంటే తర్వాత డబ్బింగ్‌కి దారి చూపడానికి పట్టుకునే కచ్చా శబ్దం. కెమెరా మీద చిన్న మైకు పెట్టి, "డబ్బింగ్‌లో చూసుకుందాం" అనుకున్నాం. పెద్ద సినిమాల్లో అందరూ అలాగే చేస్తారు కదా అని. వాళ్ల ఆర్టిస్టులకి డబ్బింగ్ రోజూ చేసే పని. మా సినిమాలోనూ నటించిన ఆ పెదజాలరిపేట ముసలామెకి కాదు. ఆమెని హైదరాబాద్ తీసుకెళ్లాం, రైల్లో, మనవరాలిని తోడు ఇచ్చి. స్టూడియోలో చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి, తెర మీద ఆమె ముఖమే చూపించి, పెదవులకి సరిపోయేలా అదే మాట మళ్లీ చెప్పమన్నారు. ఆమె తెరని చూసింది, ఇంజనీరుని చూసింది, నా వైపు తిరిగింది.

"ఓపాలి సెప్పీసినాను గదా బాబూ, మల్లీ ఏటి సెప్పీది?"

నాలుగు గంటలు ప్రయత్నించాం. ఒక్క వాక్యం కుదరలేదు. ఆమె మాట్లాడితే చేతులు మాట్లాడతాయి, వల ఉండాలి, ఎదురుగా కొడుకు ఉండాలి. గాజు గదిలో నిలబెట్టి ఆ మాట రమ్మంటే రాదు. చివరికి ఒక డబ్బింగ్ ఆర్టిస్టుతో చెప్పించాం. ఆవిడ మంచి ఆర్టిస్టే. కానీ మా శ్రీకాకుళం, విశాఖ జాలరిపేటల యాస పుట్టినవాళ్లకే వస్తుంది. ఊళ్లో స్నేహితులకి వేసి చూపిస్తే మొదటి రీలు అయ్యేసరికి "ఆవిడ గొంతు మనది కాదేటి" అన్నారు. ఏది చూసి నేను ఇతనికి ఫోన్ చేశానో, సరిగ్గా అదే సినిమాలోంచి పోయింది.

తర్వాత సెన్సార్. సినిమాలో ఒక మేకపిల్ల ఉంది. పిల్లాడు దాన్ని ఎత్తుకుని తుఫానులో పరిగెడతాడు. జంతువు తెర మీద కనిపిస్తే జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగుకి ముందే తీసుకోవాలి, పశువుల డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. మేకపిల్లకి ఏ హానీ జరగలేదు, అయినా కాగితం లేదు. ఆ సీను తీసేశాం. నాలుగు నిమిషాలు. పెద్ద సినిమాల్లో ఆ కాగితాలు హైదరాబాద్ ఆఫీసే చూసుకునేది. నాకు తెలియాల్సింది, తెలియలేదు.

ముసలామె చుట్ట కాలుస్తుంది, మా వైపు ఆడవాళ్లు కాల్చినట్టు నిప్పు నోటి లోపలికి పెట్టుకుని, అడ్డపొగ. అది ఉన్నంతసేపూ తెర మీద హెచ్చరిక ఉండాలి, సినిమా మొదట్లోనూ మధ్యలోనూ ఆరోగ్య ప్రకటనలు వేయాలి. ఇది 2012 అక్టోబరు 2 నుంచి ఉన్న నిబంధనే. ఖర్చు పెద్దగా కాదు. ఆమె జీవితంలో చుట్ట ఉంది కాబట్టి సినిమాలోనూ ఉండాలన్నాడు అతను, నేనూ ఒప్పుకున్నాను. ఇప్పటికీ అది సరైన నిర్ణయమే అంటాను.

2016లో సర్టిఫికెట్ వచ్చింది. అప్పులతో ఫస్ట్ కాపీ, అంటే విడుదలకి సిద్ధమైన సినిమా, తయారైంది. ఒక పంపిణీ ఆఫీసువాళ్లు చూస్తామని డిస్కు తీసుకుని ఆరు నెలలు దగ్గర పెట్టుకున్నారు, తర్వాత విడుదలకి మమ్మల్నే ఎదురు డబ్బు పెట్టమన్నారు. డబ్బు లేదు. సినిమా ఆగిపోయింది.

మధ్యలో మూడేళ్లు

ఈ భాగం ఎవరూ రాయరు. దర్శకుడి కెరీర్ అంటే సినిమాల జాబితా అనుకుంటాం. ఇతని పదేళ్లలో నేను లెక్కేస్తే షూటింగ్ రోజులు మొత్తం 90 దాటవు. మిగతా రోజుల్లో ఏం తిన్నాడు, ఎవరికి బాకీ తీర్చాడు అన్నదే అతను నాలుగో సినిమా దాకా వస్తాడా లేదా అన్నది తేల్చింది.

మొదటి సినిమా షూటింగ్ అయిపోగానే, మిగతా పని నడుస్తుండగానే పెళ్లి వీడియోలకి మళ్లీ వెళ్లాడు. ఒక ఫ్యాక్టరీకి భద్రతా శిక్షణ వీడియోలు చేశాడు, హెల్మెట్ ఎలా పెట్టుకోవాలి, క్రేన్ కింద ఎందుకు నిలబడకూడదు అని. స్నేహితుల 5 లక్షలు నెలకి ఇంత అని రాసుకుని తీర్చాడు. నాన్నగారి 6 లక్షలు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు, ఆయన అడగరు. ఒక స్నేహితుడు మాత్రం దూరమయ్యాడు.

ఆ శిక్షణ వీడియోల్లోనే అతను ఒక పని నేర్చుకున్నాడు. ఫ్యాక్టరీలో డబ్బింగ్‌కి డబ్బులివ్వరు. సూపర్‌వైజర్ అక్కడే మాట్లాడాలి, అక్కడే రికార్డు కావాలి. మెషీన్ల మధ్య మనిషి గొంతు ఎలా పట్టుకోవాలో రెండేళ్లు రోజూ చేశాడు. కాలర్ మైకు చొక్కా లోపల ఎక్కడ అంటించాలి, బట్ట రాసుకున్న చప్పుడు రాకుండా ఏ టేపు వాడాలి, ఏ గోడకి వీపు పెట్టి నిలబెడితే ప్రతిధ్వని తగ్గుతుంది. ఏ ఫిల్మ్ స్కూలూ అతనికి అంత నేర్పేది కాదేమో.

రెండో సినిమా: వెనక నుంచి వేసిన బడ్జెట్

2017 జూన్‌లో కథ తెచ్చాడు. నేను కథ వినడానికి ముందు ఒక తెల్లకాగితం తీసి అడుగు నుంచి రాయడం మొదలుపెట్టాను. అట్టడుగున "విడుదల" అని రాశాను. థియేటర్ల డిజిటల్ చార్జీలు, పోస్టర్లు, ఆటోలకి మైకులు, ఆన్‌లైన్ ప్రకటనలు కలిపి 4 లక్షలు. దాని మీద డీసీపీ, సెన్సార్, టైటిల్ రిజిస్ట్రేషన్, సబ్‌టైటిళ్లు, లక్ష. దాని మీద డీఐ లక్షన్నర, సంగీతం లక్షన్నర. దాని మీద సౌండ్ ఎడిటింగ్, మిక్సింగ్ మూడున్నర. అనుకోని ఖర్చుకి 50 వేలు. మొత్తం 12 లక్షలు. మా దగ్గర ఉన్నది 24. అంటే షూటింగుకి మిగిలేది సగం.

అతను కాగితం వైపు చాలాసేపు చూశాడు. "పన్నెండు లక్షల్లో ఈ కథ రాదు అన్నా."

"రాదు. పన్నెండు లక్షల్లో వచ్చే కథ రాయి" అన్నాను. ఆ మాట అనడం నాకు తేలిక కాలేదు, అతను ఏడాది కష్టపడి రాసిన స్క్రిప్టు అది. రెండు నెలల తర్వాత వేరే స్క్రిప్టు తెచ్చాడు. వన్‌టౌన్‌లో ఒకే పాత ఇల్లు, ఆరుగురు మనుషులు, ఇల్లు అమ్మాలా వద్దా అన్న గొడవ. ఆ ఇల్లు అతని మేనత్తగారిది. అద్దె లేదు. ఆరుగురిలో నలుగురు యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్‌లో చదివినవాళ్లు, స్టేజీ మీద గొంతు పండినవాళ్లు. అతని దగ్గర ఏం ఉందో అక్కడి నుంచి కథ పుట్టింది.

ఆ 12 లక్షలూ వేరే బ్యాంకు ఖాతాలో వేశాం. తీయాలంటే ముగ్గురి సంతకాలు: నాది, అతనిది, డబ్బు పెట్టిన వాళ్లలో ఒక పెద్దాయనది. షూటింగ్ పదమూడో రోజున వాన పడి ఒక పూట పోయినప్పుడు అతను ఆ ఖాతాలోంచి 40 వేలు అడిగాడు. పెద్దాయన సంతకం పెట్టలేదు. ఆ రోజు తీయాల్సిన రెండు సీన్లని కలిపి ఒకటి చేశాడు. ఇప్పుడు సినిమాలో అందరూ మెచ్చుకునేది ఆ సీనే. అలా ప్రతిసారీ జరుగుతుందని చెప్పను.

తక్కువ బడ్జెట్ గురించి ఎప్పుడు మాట్లాడినా రాబర్ట్ రోడ్రిగ్వెజ్ తీసిన ఎల్ మరియాచి పేరు వస్తుంది, 1992లో 7 వేల డాలర్లకి తీసిన సినిమా అని. నిజమే, కానీ అది షూటింగ్ వైపు లెక్క. తర్వాత కొలంబియా కంపెనీ దాన్ని తీసుకుని సౌండ్ బాగుచేయించి 35 ఎంఎం ప్రింటు తీయడానికి అంతకు ఎన్నో రెట్లు ఖర్చు పెట్టింది. థియేటర్లో జనం చూసింది ఆ ఖర్చు కూడా కలిసిన సినిమాని. కుర్రాళ్లకి ఈ రెండో సగం ఎవరూ చెప్పరు.

ఈసారి మాటలన్నీ లొకేషన్లోనే రికార్డు చేయాలని నిర్ణయించుకున్నాం. అందుకని లొకేషన్ ఎంపిక పద్ధతే మారింది. మామూలుగా లొకేషన్ చూడటానికి కెమెరామన్ వస్తాడు. మేం సౌండ్ రికార్డిస్టుని తీసుకెళ్లాం. వన్‌టౌన్ ఇంటి హాల్లో చాప మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఉదయం అయిదున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా వినిపించినవన్నీ టైముతో సహా రాసుకున్నాడు. మసీదు నుంచి నమాజు పిలుపు, గుడి గంట, పాల ప్యాకెట్ల క్రేట్లు దించడం, కూరగాయల బండి మైకు, స్కూలు ఆటోలు, పోర్టు వైపు నుంచి ఓడ కూత, పక్కింటి కుక్కరు. దాన్నిబట్టి కాల్‌షీట్ వేశాం. నెమ్మదిగా మాట్లాడుకునే సీన్లు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర మధ్య, ఆ వీధి నిద్రపోయే వేళ. అరుపుల సీన్లు సాయంత్రం. వంటింటి సీనుకి ముందు కంచరపాలెంలో ఒక ఇల్లు అనుకున్నాం, చూడటానికి ఇంతకంటే అందంగా ఉంటుంది. గంటలో ఎన్ని రైళ్లు పోయాయో లెక్కపెట్టి వదులుకున్నాం. సముద్రం ఒడ్డున మాటలున్న సీను ఒక్కటి కూడా పెట్టుకోలేదు. ఆర్కే బీచ్‌లో అల హోరు ఎప్పుడూ ఒకేలా ఉండదు, ఒక షాటు నుంచి ఇంకో షాటుకి కోస్తే ఆ తేడా చెవికి తగులుతుంది.

ఇంట్లో ఫ్రిజ్ మోత పెద్ద సమస్య. ఆపాలి, కానీ పేకప్ చెప్పాక మళ్లీ వేయడం మర్చిపోతే మేనత్తగారి సరుకంతా పాడవుతుంది. రికార్డిస్టు తన బైకు తాళం ఫ్రిజ్‌లో పెట్టి స్విచ్ ఆపేవాడు. ఇంటికి వెళ్లాలంటే తాళం కావాలి, తాళం తీస్తే ఫ్రిజ్ గుర్తొస్తుంది. పంతొమ్మిది రోజుల్లో ఒక్కరోజు కూడా మర్చిపోలేదు.

కెమెరా గురించి ఎక్కువ చెప్పను. అద్దెకి తెచ్చిన సోనీ ఏ7ఎస్ 2, రెండు లెన్సులు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ సెకనులో యాభయ్యో వంతు దగ్గరే పెట్టి తీస్తే ట్యూబులైట్లు మిణుకుమనవు. అది చూసుకుంటే చాలు, పాత ఇంటి వెలుతురే సరిపోయింది.

భోజనాల మీద తగ్గించలేదు. మనిషికి రోజుకి 250 చొప్పున 22 మందికి 19 రోజులు, లక్షా నాలుగు వేల అయిదు వందలు. నటులకీ టెక్నీషియన్లకీ తక్కువే ఇచ్చాం, కానీ ప్రతి శనివారం ఇచ్చాం, రాసిచ్చాం. "పేరొస్తుంది, ఫ్రీగా చెయ్యి" అని ఎవరినీ అడగలేదు. ఫ్రీగా వచ్చినవాడు మూడోరోజు వేరే పని తగిలితే వెళ్లిపోతాడు, అతన్ని తప్పుపట్టలేం. కంటిన్యుటీ, అంటే సీనుకీ సీనుకీ పొంతన, పోయేది మనకి.

ఒక తొమ్మిదేళ్ల పాప ఉంది సినిమాలో. 2017లో వచ్చిన రూల్స్ ప్రకారం కలెక్టరు అనుమతి తీసుకున్నాం. రోజుకి అయిదు గంటలకు మించకూడదు, మధ్యలో విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించకూడదు, ఇచ్చే డబ్బులో కనీసం అయిదో వంతు పాప పేరు మీద డిపాజిట్ చేయాలి. చేశాం. వాళ్లమ్మగారు ఆ రసీదు ఇప్పటికీ బీరువాలో ఉందన్నారు.

షూటింగ్ మొదలవ్వకముందే ప్రతి ఒక్కరితో అగ్రిమెంటు: నటుడు, రచయిత, సంగీత దర్శకుడు, ఇంటి యజమాని. వంద రూపాయల స్టాంపు కాగితాలు. మేనత్తగారి దగ్గర కూడా సంతకం తీసుకున్నాం. ఆవిడ నొచ్చుకున్నారు, "మీకూ నాకూ కాగితాలేంట్రా" అని. అతను గంటసేపు పక్కన కూర్చుని నచ్చజెప్పాడు.

2018 మొదట్లో సినిమా సిద్ధమైంది. మార్చిలో డిజిటల్ చార్జీల గొడవ మీద తెలుగు రాష్ట్రాల్లో థియేటర్లే మూతపడ్డాయి. మా లాంటి చిన్న సినిమాకి ఆ చార్జీలు ఎంత బరువో అప్పుడు పెద్ద నిర్మాతలు కూడా గట్టిగా మాట్లాడారు. మేం ఆగాం. సెప్టెంబరు 7న కేరాఫ్ కంచరపాలెం విడుదలైంది. కంచరపాలెం మనుషులే ఎనభై మందికి పైగా నటించిన సినిమాకి హౌస్‌ఫుల్ బోర్డులు పడటం మా ఊళ్లో ఎంత ధైర్యం ఇచ్చిందో మాటల్లో చెప్పలేను. అంతకుముందు ఫోన్ ఎత్తని ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్లు నడిపేవాళ్లు, కూర్చోబెట్టి టీ ఇచ్చి, "ఇదీ అలాంటిదేనా?" అని అడిగారు. కాదు, ఇది వేరే కథ అని అతను ప్రతిచోటా నిజమే చెప్పాడు.

నవంబరులో విడుదల చేశాం. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ) జోలికి పోలేదు. ఉత్తరాంధ్ర ఒక్కటే: విశాఖ, అనకాపల్లి, విజయనగరం, శ్రీకాకుళం, మొత్తం 14 స్క్రీన్లు, రెంట్ బేసిస్ మీద. అయిదు స్క్రీన్లలో డెఫిసిట్ పడింది, అంటే వచ్చిన కలెక్షను థియేటర్ అద్దెకి కూడా చాలలేదు, మేమే ఎదురు కట్టాం. విశాఖలో రెండు, విజయనగరంలో ఒకటి రెండో వారం నడిచాయి. అన్నీ పోగా చేతికి వచ్చిన షేర్ 2 లక్షల 10 వేలు. మా పెద్దాయన పెట్టుబడి పోయిందని మౌనంగా ఉండిపోయారు.

2020లో లాక్‌డౌన్ వచ్చి, ఇళ్లల్లో అందరూ ఫోన్లకీ టీవీలకీ అతుక్కుపోయినప్పుడు ఓటీటీలు తెలుగు సినిమాల కోసం వెతికాయి. ఒక సంస్థవాళ్లు మాది చూసి రెండు రోజుల్లో కాగితాలు పంపమన్నారు. వాళ్లు అడిగింది: హక్కుల అగ్రిమెంట్లన్నీ, సెన్సార్ సర్టిఫికెట్, మాటలు తీసేసి సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్న ట్రాకు, సబ్‌టైటిల్ ఫైలు. అన్నీ ఒకే ఫోల్డరులో ఉన్నాయి. సాయంత్రానికి పంపాం. 22 లక్షలు వచ్చాయి. తర్వాత హిందీ డబ్బింగ్ హక్కులు 3 లక్షలు. మొత్తం 27 లక్షల 10 వేలు, పెట్టింది 24. డబ్బు పెట్టినవాళ్లందరికీ అసలూ, కొంచెం పైనా ఇచ్చాం. మొదటి సినిమా కూడా పంపమని వాళ్లే అడిగారు. సంగీతం చేసిన కుర్రాడితో రాత కాగితం లేదు, అతను అప్పటికి ఊరు విడిచి వెళ్లిపోయాడు. సౌండ్ కూడా వాళ్ల క్వాలిటీ చెక్‌లో నిలబడలేదు. ఆ తలుపు అలా మూసుకుపోయింది.

మూడో సినిమా

దీని గురించి క్లుప్తంగా. 2022లో ఒక నిర్మాత కోటీ పది లక్షలు పెట్టారు. దర్శకుడికి మొదటిసారి 8 లక్షల పారితోషికం వచ్చింది, ఇంట్లో ఆ రోజు పండగ. నేను పాత పద్ధతిలోనే 38 లక్షలు వెనక పెట్టాను, కానీ ఖాతా నిర్మాతది, సంతకం ఒక్కరిది. అరకులో ఒక పాట కావాలన్నారు. డ్రోన్లు, డాన్సర్లు, బస్సులు కలిపి 14 లక్షలు ఆ ఖాతాలోంచే పోయాయి. ఊళ్లోకి తిరిగొచ్చాక బీచ్ మీద కూడా డ్రోన్ ఎగరేద్దామన్నారు. మన ఎయిర్‌పోర్టు నేవీది, ఇక్కడ చాలా చోట్ల డ్రోన్ ఎగరేయకూడదు అని చెప్పి అది మాత్రం ఆపగలిగాను. మిక్సింగ్ పదిరోజులు జరగాల్సింది నాలుగు రోజుల్లో ముగించారు. 2023లో విడుదలైంది. అప్పటికి ఓటీటీల ఊపు తగ్గింది, ఆదాయంలో వాటా తప్ప ముందు డబ్బు ఇచ్చేది లేదన్నారు. సినిమా చెడ్డది కాదు. చివరి అరగంటలో మాటలు సరిగ్గా వినపడవు. నేను థియేటర్లో వెనక వరసలో కూర్చుని, ముందువాళ్లు "ఏటన్నాడు?" అని పక్కవాళ్లని అడగడం విన్నాను.

కోటీ పది లక్షల సినిమా కంటే 24 లక్షల సినిమా అతనికి ఎక్కువ పేరు, ఎక్కువ నమ్మకం తెచ్చింది. డబ్బు ఎక్కువ రావడం తప్పని నేను అనడం లేదు. ఎక్కువ డబ్బులోనూ వెనక పెట్టిన భాగం తాళం ఎవరి దగ్గర ఉందన్నది రాతలో ఉండాలి. అది రాయించలేకపోయాను. రెండో తప్పు ఇదే, ఇదీ నాదే.

ఇప్పుడు

నాలుగో కథ మళ్లీ చిన్నది. 30 లక్షలు, అందులో 15 వెనక. సెన్సార్‌లో 2023 చట్ట సవరణ తర్వాత పిల్లలు పెద్దల తోడుతో చూడదగిన యూఏ సర్టిఫికెట్‌లో ఏడు, పదమూడు, పదహారేళ్ల వర్గాలు వచ్చాయి కాబట్టి, స్క్రిప్టు దశలోనే ఏది కావాలో అనుకుని రాస్తున్నాడు. కథలో ఒక కుక్క ఉంది. దాని అనుమతి కాగితాలు మొదటి వారంలోనే పెట్టాం.

మొదటి సినిమాలో నటించిన ముసలామె ఇంకా ఉన్నారు, ఇప్పుడు చూపు కొంచెం తగ్గింది. కిందటి నెల అతను రికార్డరు పట్టుకుని పెదజాలరిపేట వెళ్లాడు. ఈసారి స్టూడియో లేదు, తెర లేదు. వల చేతికిచ్చి, కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టి, పదేళ్ల కిందటి సీనులో గొడవ ఏమిటో గుర్తు చేశాడు. ఆమె మొదలుపెట్టింది. పెదవులకి అన్నిచోట్లా సరిపోదు, కొన్ని షాట్లు వెనక నుంచి ఉన్నవి వాడాలి, కొన్ని వదిలేయాలి. సంగీతం కుర్రాడి నంబరు కూడా దొరికింది, స్టాంపు కాగితం కొరియర్లో పంపాను.

వచ్చే గురువారం కొత్త సినిమా లొకేషన్ వినడానికి భీమిలి వెళ్తున్నాం, నేనూ అతనూ రికార్డిస్టూ. చాప కారులో పెట్టాను.